బుధవారం నా ఆఫ్

బుధవారం డిపోలో నా పేరుకు ఎదురుగా
అడ్డగీత గీసి ఉంటారు.
అయినా మూడున్నరకే మెలకువ వచ్చె.
ఫస్ట్ ట్రిప్పుకు అలవాటైన ఒళ్ళు
సెలవంటే నమ్మదు.

హొసకోటె దాటినాక పదకొండు కిలోమీటర్లు.
ఇరవై గుంటలు, ఒక రేకుల ఇల్లు, ఒక ఆవు.
మంచు ఎంత దట్టంగా దిగిందంటే
అనప సాళ్ళు కంటికి ఆనలేదు.
సొన వాసన పట్టుకుని నడిచి
కొట్టంలోకి చేరుకుంటి.
చుక్కి నన్ను చూసి మొహం తిప్పుకునె.
ఆరు రోజులు మా వదిన చేతికి పాలిచ్చే ఆవు
ఏడో రోజు నాకెందుకు ఇవ్వాల?
బెల్లం ముక్క చూపించి, మెడ కింద గోకి,
రెండు లీటర్లకు ఒప్పించేసరికి
డెయిరీ బండి వెళ్ళిపోయె.
సరే, పెరుగు చేద్దాం.

తొమ్మిదికి త్రీ ఫేజు వస్తుందనిరి.
పదీ ఇరవైకి వచ్చె.
స్టార్టర్ నొక్కి, చెవి పైపుకు ఆనించి,
తొమ్మిది వందల అడుగుల కింద
ఎవరో గొంతు సవరించుకున్న చప్పుడు వినేదాకా
నేనూ ఊపిరి తీసుకోలేదు.
నీళ్ళు పడె.
పారతో మడవ తిప్పుతా ఉంటే
నోట్లోంచి దానంతట అదే వచ్చేసె:
"ముందె హోగి, ముందె హోగి,
లోపల ఖాళీ ఉండాది, జరగండి!"
గట్టు మీద కూచున్న అక్కయ్యమ్మ వదిన
నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకునె.
నీళ్ళూ నా ప్యాసింజర్ల మాదిరే,
ఫుట్‌బోర్డు కాడే నిలబడతాయి
చివరి సాలు ఎండిపోతా ఉన్నా.

మధ్యాహ్నానికి మూడు వందల పన్నెండు వంగ నారు నాటితి.
లెక్క తప్పేది లేదు, లెక్కే నా ఉద్యోగం.
పక్క చేనులో లేఔట్ వాళ్ళు
పసుపు రాళ్ళు పాతి పోయినారు.
ఒకదానికి మేకను కట్టేస్తి.
సైటు నంబరు నలభై ఆరు.
తెల్ల కారు ఆపి ఒకాయన
"గుంట ఎంతకిస్తారమ్మా?" అని అడిగె.
చేతుల నిండా పేడ.
"మీ స్టేజీ దాటిపోయింది సార్" అంటి.
ఆయనకు అర్థం కాలేదు.
అర్థమయ్యేట్టు చెప్పే తీరిక నాకు లేదు.

ఖాకీ చొక్కా బండ మీద రెండు దెబ్బలు బాదినాక
జేబులో ఏదో గుచ్చుకునె.
న్యూస్ పేపరు పొట్లం.
అప్పుడు గుర్తొచ్చె:
కె.ఆర్. పురం కాడ ఎక్కిన తాత,
టికెట్టుకు ఐదు రూపాయలు తక్కువై
తువ్వాల ముడి విప్పి
"చిల్లర లేదు తల్లీ, ఇవి పెట్టుకో" అనె.
ఆ ఐదూ నా చేతివి వేసుకుంటి.
ఏం విత్తనాలో అడగలేదు, వెనక హారన్లు.
ఇప్పుడు సబ్బు నీళ్ళలో నాని
పొట్టలు ఉబ్బించుకుని ఉండాయి ఏడు,
నల్లగా, చదునుగా.
వదిన బీర అనె. నేను నేతిబీర అంటి.
సబ్బుకు మొలకే రాదని చివరికి ఇద్దరం ఒప్పుకుని
జాలారి నీళ్ళు పారే చోట పాదు చేసి
అయినా పెట్టేస్తిమి.

పొద్దుగూకినాక పితికిపప్పు.
నానిన అనపగింజలు ముందేసుకుని
బొటనవేలు, చూపుడువేలు.
పొద్దున ఆవును పితికితి,
ఇప్పుడు గింజల్ని పితుకుతా ఉండా.
మిగతా ఆరు రోజులు
నన్ను పితికేది ఆ బస్సు.
తోలు విడిచి గింజ
గిన్నెలోకి దూకేటప్పుడు ఏం ఆత్రమో,
ఒకటి పోయి పొయ్యి వెనక పడె.
దాన్ని వెతకలేదు.

చీటీలో పద్నాలుగు పనులు రాసుకుంటి.
గేటుకు బందు, ఎలుక బొక్క, కరెంటు బిల్లు మిగిలె.
వే బిల్లులో తేడా వస్తే జీతంలో పట్టుకుంటారు.
ఇక్కడ అడిగేవాళ్ళు లేరు,
అందుకే నిద్ర పట్టదు.
చొక్కా కాలరు ఇంకా పచ్చిగానే ఉండాది.
దాన్ని పొయ్యి గట్టు మీద ఆరేసి,
అలారం మూడింటికి తిప్పి పడుకుంటి.
గేటు రాత్రంతా కిర్రుమంటానే ఉన్నింది.