మూడుసార్లు లాగితే

మా ముత్తాత తండ్రి ఆగాబాలా
బాలాఖానీలో నూనె బావులు తవ్వేవాడు.
చేత్తో.
నడుముకో తాడు, గుప్పిట్లో పొట్టి గునపం.
పైన తోలుతిత్తి ఊదుతూ ఒకడు,
తాడు పట్టుకుని ఇంకొకడు.

ఒకసారి లాగితే: ఇంకాస్త దింపు.
రెండుసార్లు: తట్ట నిండింది.
మూడుసార్లు: ఆలోచించకు, లాగెయ్.

దీపం పట్టుకెళ్లకూడదు, ఒక్క రవ్వ చాలు.
వేళ్లతోనే చూపు,
ముక్కుతోనే లెక్క.
లోపల పాట పాడుతూ తవ్వేవాడట,
గొంతు తడబడితే పైవాళ్లకి తెలుస్తుందని.
ఒక గురువారం పాట ఆగింది.
తాడు ఒక్కసారే కదిలింది.
ఒకసారి అంటే ఏమిటి?
ఇంకాస్త దింపు.
దింపారు.

మా ఇంట్లో ఈ సంగతి ఎవరూ ఏడుస్తూ చెప్పరు.
దానిమ్మకాయ ఒలుస్తూ చెబుతారు.

నేను ఫిరంగిజ్‌ని.
బాకూలో పదకొండో అంతస్తులో, రాత్రి డ్యూటీలో,
బూట్లకి మట్టి అంటకుండా
నాలుగు వేల మీటర్లు దిగుతాను.

నిరుడు ఓ ఓడ కాస్పియన్ మీద
చాళ్లు తోలినట్టు వెళ్లింది, వచ్చింది, వెళ్లింది.
దాని వెనక ఎనిమిది కిలోమీటర్ల తీగలు,
తీగల నిండా చెవులు.
పది సెకన్లకోసారి నీళ్లలోకి ఓ గాలిదెబ్బ.
ఒండ్రు ఒకలా, ఇసుకరాయి ఒకలా,
ఏ పొర యాసలో ఆ పొర బదులిచ్చింది.
ఆ గొణుగుడంతా కంప్యూటర్లు నెలల తరబడి వడగట్టి
నా తెర మీద పరిచాయి,
అడ్డంగా కోసిన ఉల్లిపాయలా, నేల.

ఇదిగో ఒక విరుగు.
ఇది బురద అగ్నిపర్వతం గొంతు.
ఇక్కడ, పన్నెండు వందల మీటర్ల దగ్గర,
దానిమ్మ గింజంత మెరుపు:
గ్యాసు పొంచి ఉంది.
పాత పటాల్లో ఈ చోటు ఉత్త తెల్లకాగితం.

బొమ్మ గీయగానే చమురు పడదు. తెలుసు.
పోయిన చలికాలం నేను వేలు పెట్టి చూపించిన చోట
నలభై రోజులు తవ్వితే ఉప్పునీళ్లు.
క్యాంటీన్లో ఎవరూ ఏమీ అనలేదు,
అనుంటే బావుండేది.
అయినా ఒక్కచోటే తప్పాను.
ఇదివరకైతే పదిచోట్ల తప్పి
పదిచోట్లా సముద్రాన్ని పొడిచి వదిలేసేవారు.

ఇవాళ డ్రిల్లు కదులుతోంది.
ఆ మెరుపుని ఎడంగా వదిలి,
మెల్లగా మెడ వంచి,
తొమ్మిది మీటర్ల ఇసుకపొరలోకి
అడ్డంగా దూరుతోంది.
మొన వెనకే ఓ పరికరం, రాయిని తడుముతుంది.
తడిమింది పైకి చెప్పాలంటే తీగ లేదు,
గొట్టం నిండా బురద ఉంది.
ఆ బురదనే నొక్కుతుంది.
ఒక అల. విరామం.
రెండు అలలు. విరామం.

మొదటిసారి ఆ గీతలు చూసినప్పుడు
కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.
తాడు!
కిందనుంచి ఎవరో తాడు లాగుతున్నారు.

రెండుంబావుకి రిగ్గు మీదనుంచి ఎల్ఖాన్:
"గామా పెరుగుతోంది. పొర దాటిపోతున్నాం. ఎటు తిప్పను?"
మట్టి పైనా ఉంది, కిందా ఉంది.
బావి గోడ చుట్టూ తీసిన బొమ్మలో
నలుపు అడుగు అంచునుంచి ఎక్కుతోంది.
"రెండు డిగ్రీలు పైకెత్తు."
"ఖాయమా?"
ఖాయం అన్నది మా వృత్తిలో బూతుమాట.
"పైకే," అన్నాను.

పదహారు మీటర్లు.
టీ మీద మీగడలా చల్లదనం కట్టింది.
గామా దిగింది.
ఇసుక. నూనెలో నానిన ఇసుక.
"సరే," అన్నాడు ఎల్ఖాన్.
వాడి నోట అది పండగ.

ఇంకెన్నాళ్లు తోడతామో ఈ నల్లనీళ్లని,
నా మేనకోడలు అడిగినప్పుడల్లా మాట మారుస్తాను.
ఒకటి మాత్రం చెప్పగలను,
ఈ గుంతలో మనిషి లేడు.

తెల్లారుతోంది. తెర మీద అలలు వస్తూనే ఉన్నాయి.
ఎప్పుడైనా ఒకే ఒక్క అల వచ్చి ఆగితే
ఇంకాస్త దింపమనను.
ఆపమంటాను. అడుగుతాను:
ఏమన్నావు?
మళ్లీ చెప్పు.