ఏడో జలగ

రాత్రి రెండింటికి ఫ్రిజ్ తలుపు తీస్తాను.
ఇన్సులిన్ సీసాల పక్కన గాజు కూజా,
చల్లటి నీళ్ళలో
ఆకలితో ఉన్న ఏడుగురు ఉద్యోగులు.

బోగోమిర్ రిబ్నిట్సాలో చెక్క గరిటెలు చేస్తాడు.
రంపం ఆ రోజు కర్రకీ వేలికీ తేడా చూడలేదు.
తెగిన చూపుడు వేలిని మంచుముక్కల సంచీలో
లుబ్లియానా దాకా ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది వాళ్ళావిడ.
వెంట్రుక కన్నా సన్నని దారంతో
తొమ్మిది గంటలు కుట్టారు.

వచ్చే రక్తానికి దారి దొరికింది,
పోయే రక్తానికి దొరకలేదు.
వేలు నేరేడుపండయింది.

"ఇది కరుస్తుందా?" అన్నాడు.
"కరవకపోతేనే భయపడాలి" అన్నాను.

పట్టుకుంటే వదలని మనిషిని
మావాళ్ళూ జలగ అనే తిడతారు.
కడుపు నిండగానే
తనంతట తనే ఊడి పడుతుందది, పాపం.
పడ్డాక కూడా గాయం గంటల తరబడి కారుతూనే ఉంటుంది.
వేలి మీద మెల్లగా గులాబిరంగు తెల్లారింది.

మూడో రాత్రి, ఏడోదాన్ని గోటి పక్కన పెట్టాను.
తల ఎత్తింది, వాసన చూసింది, తిరిగిపోయింది.
సూదితో గుచ్చి రక్తపు చుక్క చూపించినా
వద్దంది.
బద్ధకం అనుకున్నాను.

పొద్దున్నే జ్వరం.
కట్టు విప్పితే పాచి పట్టిన కాలువ వాసన.
ల్యాబ్ వాళ్ళు ఫోన్ చేశారు: ఏరోమోనాస్.

ఏరుల్లో, చెరువుల్లో, చేప పొలుసుల మీద ఉంటుంది.
జలగ కడుపులోనూ దానికో వంటిల్లుంది,
తాగిన రక్తం నెలల పాటు కుళ్ళకుండా
కనిపెట్టుకుని ఉంటుందట.
అక్కడ దాన్నెవరూ రోగం అనరు.
గుమ్మం దాటి మనిషి గాయంలోకి వస్తేనే
ఆ పేరు.

మొదటి రోజు నుంచే మాత్ర వేస్తున్నాం, ముందుజాగ్రత్తకి.
ఆ మాత్రతో దీనికి
ఎక్కడో ముఖపరిచయం ఉన్నట్టుంది.

మందు మార్చాం. నరంలోకి చుక్క, చుక్క.
రెండు రోజులు
ఎటు మొగ్గాలో వేలు తేల్చుకోలేకపోయింది.
చివరికి గోరున్న కణుపు పోయింది,
కింది రెండూ నిలిచాయి.
"ఉలి పట్టుకోను చాలు" అని
బొటనవేలితో కలిపి చూసుకున్నాడు.
తర్వాత, "వాటినేం చేశారు?"

నేను దిండు సర్దాను.

తాగిన ఆరూ ఆ రాత్రుళ్ళే స్పిరిట్లోకి పోయాయి.
చర్మాన్ని తాకింది కాబట్టి ఏడోదీ.
నియమం.
రిజిస్టర్లో దాని ఎదురుగా
నా చేత్తో రాసింది అలాగే ఉంది:
కరవలేదు.