తూకం రాయి

తిరపతిలో తొలి బస్సు, నాయుడుపేటలో టీ,
సూళ్ళూరుపేటలో ఇంకో బస్సు.
భీమునివారిపాళెం రేవు చేరేసరికి
పెట్టె పట్టీ నా భుజం మీద ఎర్రటి గీత గీసింది.
అయిదు కేజీలది ఒకటి, రెండు కేజీలవి రెండు,
కేజీ, అరకేజీ, పావు,
దూదిలో చుట్టిన ఇత్తడి చిన్నవి.
సర్కారు ముద్ర పడ్డ సత్యమంతా
పెట్టెతో కలిపి పదమూడు కేజీలు.

పడవ చెంగల్రాయుడిది.
టికెట్టు లేదు, సీటు నంబరు లేదు.
ఎక్కే మనిషిని నుదుటి నుంచి మడమ దాకా
ఒక్కసారి చూస్తాడు, అంతే.
"నువ్వు ముందుకు పో మేయ్. తాతా, ఆ పలక మింద.
గ్యాసు బండ నడిమిట్ల పెట్టండి,
గుడ్ల ట్రేలు దాని పక్కన వద్దు."
నన్ను చూశాడు, పెట్టెను చూడలేదు.
ఎడమంచున కూచోబెట్టాడు.
పడవ ఎడమకు ఒరిగింది.

"ఏముండాది సార్ అందులో?"
"బరువులు."
"బరువని తెలస్తానే ఉండాది. ఏం బరువులని?"
పడవంతా నవ్వింది. కొంచెం ఆలస్యంగా నేనూ.

సగం దూరంలో ఇంజను రెండుసార్లు దగ్గి ఊరుకుంది.
ఆయన గెడ తీసి నీళ్ళలోకి గుచ్చాడు.
పైకి లాగితే మూరెడు తడి, మూరెడు బురద.
"సముద్రం నోట్లో ఇసక పడింది," అన్నాడు,
ఎవరితోనూ కాదు.
అందరం దిగాం.
బూట్లు చేత పట్టుకుని స్కూలు పిల్ల,
చీర కుచ్చిళ్ళు దోపుకుని ఆశా కార్యకర్త,
ప్యాంటు మోకాళ్ళకు మడిచి నేను.
పడవను తోశాం.
నా పెట్టెను మాత్రం ఎవరూ దించమనలేదు.

ఇరకం దీవి.
పేరులోనే ఉంది, నేను ఇరకాటం దాకా వెళ్ళాక తెలిసింది.

రేవు పక్కన పొన్నమ్మ తక్కెడ.
ఒక పళ్ళెంలో రొయ్యలు, ఇంకో పళ్ళెంలో
అరచేతుల్లో అరిగిన నల్లరాయి.
"మా అత్త కేజీ," అంది.
నా త్రాసులో ఒక వైపు అత్త కేజీ, ఒక వైపు సర్కారు కేజీ.
రాయి వైపు పళ్ళెం దిగిపోయింది.
ఇటు పది వేశాను, ఇరవై వేశాను,
దూది విప్పి ఇంకా వేశాను.
అరవై గ్రాముల దగ్గర ముల్లు నిలబడింది.

"ఇన్నేళ్ళూ కేజీకి అరవై గ్రాములు
ఊరికే పోస్తా ఉండావమ్మా."
"ఊరికే యాడ సార్, అది కొసరు.
వేరేగా చెయ్యి పెట్టే పని లేకుండా
మా అత్త రాయిలోనే పెట్టేసింది."

ఎక్కువ తూగినా తక్కువ తూగినా
ముద్ర లేని రాయి నేరం.
రసీదు రాశాను: నల్లరాయి, ఒకటి.
"మళ్ళా ఇస్తారా?"
ఇవ్వరు అని చెప్పలేదు.
"రసీదు జాగ్రత్త," అన్నాను.

ఇసక తప్ప రాయి పుట్టని దీవి అది.
ఈ రాయి కూడా ఎప్పుడో
ఎవరి ఒళ్ళోనో కూచుని పడవెక్కే వచ్చి ఉంటుంది.

తిరుగు పడవలో చెంగల్రాయుడు
ఈసారి పెట్టెనే ముందు చూశాడు.
"నడిమిట్ల కూచోండి సార్," అన్నాడు.
ఇంకో మాట లేదు, అవతలి రేవు దాకా.
బాడుగకు యాభై ఇచ్చాను.
చిల్లర మరిచాడో,
రాయికి కూడా పట్టుకున్నాడో,
నేను అడగలేదు.

ఇప్పుడది ఆఫీసు బీరువాలో,
మెడకు నంబరు చీటీతో,
పాత తక్కెడల మధ్య ఉంది.
ఒక సాయంత్రం అందరూ వెళ్ళాక
ఎందుకో మళ్ళీ తూచాను.
వెయ్యీ యాభై ఎనిమిది.

ఆరిన ఉప్పో, రాలిన పొలుసో,
ఆ రెండు గ్రాములు రాయడానికి
రిజిస్టరులో గడి లేదు.