చిన్నక్షరం

కొత్తపేటలో మూడంతస్తుల మెట్లెక్కితే
లిఫ్టు పక్కన, లాండ్రీకి ఇవతల,
కిటికీ లేని గది మాది.
డాక్టర్లు ఫోన్లో గొణిగిందంతా
సాయంత్రానికి ఇంగ్లీషు కాగితం కావాలి.

చేరిన రోజునే జకరయ్య గారు
నా మొదటి డిశ్చార్జి సమ్మరీ మీద
ఎర్ర రీఫిల్‌తో పద్నాలుగు సున్నాలు చుట్టారు.
"షుగరు జబ్బుకి పెద్దక్షరం ఎందుకమ్మా?
అదేమన్నా కలెక్టరా?"

అప్పటిదాకా నాకు తెలిసిన సూత్రం ఒకటే:
భయం వేసిన మాటకల్లా పెద్దక్షరం.
క్యాన్సర్‌కి పెట్టాను. గుండెకి పెట్టాను.
మా నాన్నని తీసుకుపోయిన కామెర్లకి
చెయ్యి ఆగక పెట్టాను.
అన్నీ దించేశారాయన,
వాన చినుకు పడగానే
దండెం మీది బట్టలు దించినట్టు.

మెల్లగా పట్టుబడింది.
మందు పుట్టుపేరుకి చిన్నక్షరం,
కంపెనీ పెట్టిన పేరుకి పెద్దక్షరం.
"డబ్బున్న పేరు తలెత్తుకుంటుందిలే" అనేవారు.
క్రిములకూ మనలాగే ఇంటిపేరు ముందు;
ఇంటిపేరుకి పెద్దక్షరం, సొంతపేరుకి చిన్నది.
టీబీకి మాత్రం రెండూ పెద్దవే,
వార్డు అవతలికి వినపడే దగ్గులాగా.
ఇక జబ్బుకి మనిషి పేరుంటే
మనిషికి పెద్దక్షరం, జబ్బుకి చిన్నది.

"ఎముకలో చీముగడ్డ ఒకటుంది, బ్రాడీ గడ్డంటారు"
అన్నారొకసారి టీ ఊదుకుంటూ.
మన బ్రాడీపేట బ్రాడీయేనా అన్నాను.
"కాదనుకుంటా. ఎవరైతేనేం,
ఒకాయన పేరు చెప్పి ఆటో ఎక్కుతాం,
ఇంకొకాయన పేరు చెప్పి మంచమెక్కుతాం."

పోయిన బుధవారం ఖాసింబీ ఫైలు వచ్చింది.
పాత బస్టాండు దగ్గర గొడుగులు బాగుచేసే
సైదావలి భార్య.
నలభై ఏళ్లు కాజాలు కుట్టిన చెయ్యి
ఇప్పుడు సూది లేకుండానే గాల్లో కుడుతోంది.
కౌంటర్లో కుర్రాడు తొందరలో
ఆమె పేరంతా చిన్నక్షరాల్లో కొట్టి పంపాడు.
జబ్బు దగ్గర మాత్రం పార్కిన్సన్ దొర
నిటారుగా నిలబడి ఉన్నాడు.

ఆమెను బెంచీ మీద కూర్చోబెట్టి
సైదావలి తలుపు దగ్గరకొచ్చాడు.
"ఎవరమ్మా ఈయన? ఈయనక్కూడా వణికేదా?"
లేదట, చూసి రాశాడట, అన్నాను.
"చూసినాయన పేరా పెట్టారు?"
కాసేపు ఆలోచించి,
"గొడుగు ఎవరు కనిపెట్టారో నాకూ తెలవదులే" అన్నాడు.

జకరయ్య గారు సెలవులో ఉన్నారు.
ముందు ఆమె పేరు సరిచేశాను, అది రూలే.
తర్వాత వణుకు అన్న మాటకి
(అది ఏ దొర పేరూ కాదు, ఏ కంపెనీదీ కాదు)
పెద్దక్షరం కొట్టి
రెండు నిమిషాలు చూసి
చెరిపేశాను.

మందుల కవరు మీద తెలుగులో రాసివ్వమన్నాడు.
పేరు. పరగడుపున ఒకటి. మధ్యాహ్నం ఒకటి.
ఈ రాతలో ఎవరికీ పెద్దరికం లేదు.
ఖాసింబీకీ, మాత్రకీ, వణుకుకీ ఒకే ఎత్తు.
ఒత్తు పడితే మాత్రం
ఏ అక్షరమైనా కిందికి దిగాల్సిందే.

కవరు దూరంగా పట్టుకుని
ఒక్కో మాటా పైకి చదివాడు సైదావలి.
పేరు దగ్గర ఆగి రెండోసారి చదివాడు.
లిఫ్టు రాలేదు.
రెయిలింగు మీద ఆమె చెయ్యి
మెట్టుకో కాజా కుడుతూ దిగిపోయింది.