ఏ-ఫోర్ కాగితాల పెట్టె

మద్దిలపాలెంలో నా షాపు వెడల్పు
రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, నా మోకాళ్ళు.
ఈ నెలంతా ఈశ్వర్ థీసిస్ కొడుతున్నాను:
నార్డిక్ దేశాల్లో సామాజిక రక్షణ, సవాళ్ళు.
పేజీకి ఇరవై. పట్టికలకు వేరే.

స్వీడన్‌లో నకారప్పొల్లు మాటిమాటికీ జారిపోతుంది.
అక్కడ ముసలివాళ్ళు ఎక్కువయ్యారట,
ఉయ్యాలలు తగ్గాయట,
పన్ను కట్టే చేతులు సన్నబడుతున్నాయట.
ఖజానా మీద ఒత్తిడి అని రాశాడు.
ఒత్తిడికి ఒత్తు మర్చిపోయి
మళ్ళీ వెనక్కి వెళ్ళాను.

"అన్నీ ఉన్న ఇల్లే కురుస్తుంటే
మనం ఎవరి ఇల్లు చూసి గోడ కట్టుకోవాలక్కా?"
అంటాడు ఈశ్వర్.
అతని స్కాలర్‌షిప్పు రాక ఏడు నెలలు.

మధ్యాహ్నం పెదజాలరిపేట నుంచి మైలపల్లి పోలమ్మ.
ఆమెకంటే ముందు ఎండుచేపల వాసన వచ్చి
స్టూలు మీద కూచుంది.
మూడు నెలలుగా పింఛను లేదు.
యంత్రం ఆమె వేలిని గుర్తుపట్టడం లేదు.
ఇరవయ్యేళ్ళు ఐసు నీళ్ళలో రొయ్యలు ఒలిచిన వేలు.
గీతలన్నీ ఆ రొయ్యలతో పాటే ఓడెక్కి
ఏ దేశం పళ్ళెంలోకో పోయాయి.

సోమవారం కలెక్టరాఫీసులో ఇవ్వడానికి అర్జీ.
"నాను బతికే ఉన్నానని రాయమ్మా."
"ఇంకా ఏం రాయాలి?"
"ఇంకేటుంది. అదే."

స్క్రీను మీద ఆ బొమ్మల గీతలేటి అని అడిగింది.
డెన్మార్క్ అన్నాను.
అక్కడ మనుషుల ఆయుష్షు పెరిగే కొద్దీ
పని మానేసే వయసు కూడా పెంచుతారట.
ఎక్కువ బతికితే ఎక్కువ చాకిరీ అన్నమాట.
పోలమ్మ నవ్వింది,
పక్క జిరాక్సు కుర్రాడు తొంగిచూసేంత.
"ఆ రూలు మా పేటకి ఎప్పుడో వచ్చీసింది కదేటి!"

నాకూ నవ్వొచ్చింది.
అర్జీ రెండో పేరా దాకా ఉండి, పోయింది.

అసలు నిన్న సాయంత్రమే నా వేళ్ళు ఒకచోట ఆగాయి.
ఐదో అధ్యాయం, ఫిన్లాండ్.
బిడ్డ పుట్టబోయే ఇంటికి సర్కారు
ఒక అట్టపెట్టె పంపుతుందట.
చిన్న చిన్న బట్టలు, దుప్పటి, అడుగున పరుపు.
అవి తీసేశాక చాలామంది
బిడ్డని ఆ పెట్టెలోనే పడుకోబెడతారట.

నా బిడ్డ కూడా పెట్టెలోనే పడుకుంది.
ఈ టేబులు కిందే, ఏ-ఫోర్ కాగితాల పెట్టెలో,
పాత చీర నాలుగు మడతల మీద,
పుట్టిన ఇరవై మూడో రోజు నుంచి.
ఎవరూ పంపలేదు.
కాగితాలు అయిపోతే మిగిలింది.
ప్రింటరు గుర్రుమంటే నిద్రపోయేది,
ఆగితే లేచి ఏడ్చేది.
అందుకని పని లేని పూట కూడా
ఏమీ రాయని పేజీలు తిప్పుతూ ఉండేదాన్ని.

ఆ పేరా కొట్టడం పూర్తి చేశాను.
ఆ పేజీకీ ఇరవయ్యే.

పోలమ్మ అర్జీ కింద వేలిముద్ర వేసింది.
అమావాస్య నాటి సముద్రంలా
నున్నగా, నల్లగా,
ఎటు చూసినా ఒడ్డు కనపడని ముద్ర.
సంతకానికి సాక్షి కావాలంటే నా పేరు రాశాను.
పది రూపాయలు ఇచ్చింది, చిల్లర,
ఉప్పు అంటుకున్న చిల్లర.

వెళ్తూ వెళ్తూ వంగి టేబులు కిందికి చూసింది.
"ఆ పెట్టి కాళీయేనేటమ్మా?
ఎండుసేపలకి పనికొస్తాది."

పదకొండేళ్ళుగా అందులో
ఒక చిత్తుకాగితం కూడా వెయ్యలేదు నేను.
అడుగున ఓ మూల
కాటుక మరక తప్ప ఏమీ లేదు.

"ఖాళీ లేదు పోలమ్మక్కా" అన్నాను.