వాలుగ దవడ

పొందూరులో తెల్లారగట్ల బస్సెక్కి
శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో నా నెత్తుటి గదికి
సూరీడమ్మ వచ్చిన మొదటి రోజు
చెయ్యి చాపమంటే వేళ్ళు చూపించింది.
“మంటెత్తిపోతన్నాయి బాబూ.
నూలు తెగినా తెలీడం లేదు.
నలభయ్యేళ్ళు వడికిన సేతులు, తెలీకపోడవేటి?”

గాజుపలక మీద ఆమె నెత్తురు పల్చగా పరిచాను.
గాయాన్ని మూసే చిన్న కణాలు, ప్లేట్‌లెట్లు,
తీర్థంలో జనంలా ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి.
పదకొండు లక్షల నలభై వేలు.
నమ్మలేక మళ్ళీ లెక్కపెట్టాను.

మూలుగ పరీక్ష అయింది. డాక్టరమ్మ గొట్టం మాత్రలు రాసింది.
“ఇదేటి సేస్తాది?” అని
ఆవిడని అడగలేదు, నన్నడిగింది.
నాకు లెక్కపెట్టడమే వచ్చు, చెప్పడం రాదు.
అప్పుడు ఆమె సంచిలో కనిపించింది
గుడ్డలో చుట్టిన వాలుగ చేప దవడ,
కొండపత్తిని గింజ మీదే దువ్వే
సన్నటి పళ్ళ వరస.

అదిగో, దాంతోనే చెప్పాను.
కణం రెండవ్వాలంటే కొత్త నూలు కావాలి.
ఒంట్లో పత్తికి లోటు లేదు గానీ అది దువ్వని పత్తి.
దాని చక్కెర ఉంగరంలో రెండో మూల
ఒక్క ఆక్సిజన్ నలుసు అంటుకుని ఉంటుంది.
నలుసుంటే చీటీలు రాసుకోవచ్చు,
పనయ్యాక చినిగిపోయే చీటీలు.
తరాలు నిలిచే దస్తావేజుకి, డీఎన్‌ఏకి,
ఆ నలుసు ఊడాల్సిందే.
ఊడదీసేది ఒక ఎంజైము.
దాని పేరు తడబడకుండా పలకడానికి నాకే రెండేళ్ళు పట్టింది:
రిబోన్యూక్లియోటైడ్ రిడక్టేజ్.

“దీనికి పళ్ళున్నాయి. దానికేటున్నాది?”
ఇనుమమ్మా. రెండు ఇనప రేణువులు,
వాటి పక్కన లోతున దాచుకున్న ఒక నిప్పురవ్వ.
రవ్వ ఉన్నంతసేపే పని.
ఈ మాత్ర వెళ్ళి దాని మీద నీళ్ళు చల్లుతుంది.

సూరీడమ్మ దవడని మళ్ళీ గుడ్డలో చుట్టింది.
“అయితే నా లోపల దువ్వేదాన్ని
నానే మాన్పించాలన్నమాట.”
మాన్పించడం కాదు, నెమ్మదించమనడం.
“మిల్లు నూలొచ్చినప్పుడు
మాకూ అలాగే సెప్పినారు బాబూ.”

తొమ్మిది లక్షలు. ఆరున్నర.
నోరు పూసి, తెల్లకణాలు పడిపోయి,
రెండు వారాలు మందాపి, మోతాదు తగ్గించి,
మళ్ళీ మొదలు.
గోళ్ళ మీద నల్లటి నిలువు చారలు.
నాలుగు లక్షల పదివేలు వచ్చిన నెలలో
బల్ల మీద రాలిన నా చొక్కా దారప్పోగుని
కళ్ళు మూసుకుని వేళ్ళతో వెతికి తీసింది.
ఏమీ అనలేదు. నేనూ అనలేదు.

తర్వాతి నెల ఆమె వెంట కోడలు హైమ, ఐదో నెల.
మందుల కిటికీ దగ్గర ఫార్మసీ అబ్బాయి అరిచాడు,
“ఆ డబ్బా ఆవిడ ముట్టకూడదు!”
సూరీడమ్మ చటుక్కున లాక్కుని
రొండిన దోపుకుంది.
ఎందుకని నా గదిలో అడిగింది.

అదే దవడమ్మా, ఆమె కడుపులోనూ.
అక్కడ పగలూ రాత్రీ దువ్వుతోంది.
అక్కడ రవ్వ ఆరకూడదు.

“నా జబ్బు దానికొస్తాదేటి?”
సాధారణంగా రాదన్నాను.
ఆ ‘సాధారణంగా’ దగ్గర ఆమె చూపు ఆగింది.
పుస్తకంలో అంతే ఉంది, నేను చేర్చింది కాదు.

ఇప్పుడు మాత్రల డబ్బా రాట్నం గదిలో అటక మీద ఉందట.
మింగి, సబ్బుతో మూడుసార్లు చేతులు కడుక్కుని,
ఆరేదాకా గాలికి చాపి,
అప్పుడు హైమ పొట్ట మీద చెయ్యి వేస్తుందట.
నిన్న సూది గుచ్చుతుంటే తనే చెప్పింది,
నా వైపు చూడకుండా,
గొంతు తగ్గించి, ఎవరో నిద్ర లేస్తారన్నట్టు:

“దువ్వుతున్నాది బాబూ.
వేళ్ళకి తెలస్తన్నాది.”