నలభై ఒక్క మిల్లీలీటర్లు

పేట్లబురుజు దవాఖానలో తెల్లారగట్ల నాలుగింటికి
స్వరూపకు ఆడపిల్ల.
ఏడుపు వినగానే అందరూ అటు తిరిగారు.
నేను ఇటు,
స్టీలు బేసిన్లో ఇంకా వెచ్చగా ఉన్న మాయ వైపు.

బొడ్డుతాడులో నీలపు నరం దొరకబుచ్చుకుని
సూది గుచ్చి, సంచీని కిందికి వేలాడదీసి
మెల్లగా ఊపుతూ కూచున్నాను.
ఊయల ఊపినట్టే. జోల మాత్రం లేదు.
రక్తం గడ్డకట్టకూడదు, అంతే.

నిన్న రాత్రి కాగితం మీద సంతకం స్వరూపది.
ప్రశ్నలన్నీ అత్తగారివి, అండాలమ్మవి.
"మా దిక్కు మాయను ఇంటి ముంగట పాతిపెడతరు బిడ్డా.
బోరబండల కిరాయి అర్రకు మన్నేడిది?
అంత సిమెంటే."
కాసేపాగి,
"గా నెత్తురుతోని ఏం జేస్తరు?"

ఎముకల మూలుగలో రక్తాన్ని పుట్టించేవి
ఇందులోనూ ఉంటాయని చెప్పాను.
ఎవరి పిల్లకో రక్తం చెడితే వీటిని ఎక్కించొచ్చని,
చాలినంత రాకపోతే
పరిశోధన చేసేవాళ్లకు ఇస్తామని.
"అంటే ఇత్తనపు వడ్లన్నట్టు," అంది.
ఏడేళ్లుగా ఈ పనిలో ఉన్నాను,
నాకు తట్టని మాట.

అంతకుముందు నాలుగేళ్లు
బంజారాహిల్స్‌లో ఇదే రక్తం దాచిపెట్టే కంపెనీలో చేశాను.
ఏడో నెల కడుపుతో ఏసీ గదిలో కూచున్న వాళ్ల ముందు
నున్నటి పుస్తకం తెరిచి, కిస్తీల లెక్క చెప్పి,
"రేపు మీ బిడ్డకేదైనా అయితే..." అని
అక్కడ ఆపేయాలి. అలా నేర్పారు.
మిగతా వాక్యాన్ని భయమే పూర్తి చేసుకునేది.
సంతకం పెట్టాక ఒకామె నా చేయి పట్టుకుని ఏడ్చింది.
ఆ నెల నాకు ఇన్సెంటివ్ వచ్చింది.
దాంతో ఫ్రిజ్ కొన్నాను.

ఈ సంచీ మీద పేరుండదు. గీతల చీటీ, ఒక అంకె.
నలభై ఒక్క మిల్లీలీటర్లు.
నిల్వకు చాలదు. చాయ్ గ్లాసు కూడా నిండదు.
తార్నాక ల్యాబుకని రాసి
చల్లటి జెల్ సంచుల మధ్య పడుకోబెట్టాను.

అఫ్జల్‌గంజ్ దాటేసరికి వాన.
చాదర్‌ఘాట్ వంతెన మీద అన్నీ ఆగిపోయాయి.
ఆటో ఖలీల్ వెనక్కి తిరిగి
"డబ్బాల ఏముంది మేడం, చేపలా?"
"ఖూన్."
"ఎవరిది?"
మూడు గంటల వయసున్న మనిషిది అన్నాను.
ఇంక హారన్ మీంచి చేయి తీయలేదు.
దిగాక మీటరు మీద ఒక్క రూపాయి అడగలేదు.
మిగతాదంతా నమ్మినా
ఇదొక్కటి మాత్రం ఎవరూ నమ్మరు.

ల్యాబులో హిమజ, ఇంకా చదువుకుంటున్న పిల్ల,
గోడ గడియారం చూసి పుస్తకంలో రాసుకుంది.
పదకొండు రోజులాగి ఫోన్ చేశాను.
అలా అడగకూడదు, తెలుసు.
"చనిపోయాయండీ, తొమ్మిదో రోజు.
ఎందుకు చనిపోయాయో మాత్రం కొంచెం తెలిసింది."
ఆ "కొంచెం" అంటున్నప్పుడు
పరీక్ష పాసైన గొంతు ఆ పిల్లది.

పద్నాలుగు వారాల టీకా రోజు
వరసలోంచి అండాలమ్మే నన్ను గుర్తుపట్టింది.
పిల్ల మొలతాడుకు వెండి తాయెత్తు.
ఊడిన బొడ్డు అందులో ఉందట, దడుపు తగలకుండా.
దాన్ని సవరిస్తూ అడిగింది:
"మీరు కొంటవోయింది మొలిసిందా?"

అబద్ధం నాకు బాగానే వచ్చు.
నాలుగేళ్లు జీతమిచ్చి నేర్పారు.

"మొలవలేదమ్మా," అన్నాను.
"మన్ను ఎట్లుండాల్నో కొంచెం తెలిసిందట."

వదిలొచ్చిన ఎకరంన్నర చెలకను
ఎక్కడో చూస్తున్నట్టు తలూపింది.
"మరి మొదాలు తెల్వాల్సింది గదే కదా."

లోపల పేరు పిలిచారు.
సూది పడగానే పిల్ల
దవాఖానంతా వినబడేలా ఏడ్చింది.